నల్లదారం గుండీ

మా క్వార్టర్ల వెనక జైలు గోడకి ఒక కంత ఉండేది. మోకాళ్ల కంటే కాస్త ఎత్తులో, ఒక బట్టల మూట పట్టేంత. దానికి ఇనప తలుపు. పొద్దున ఎనిమిదింటికి తెరిచి తొమ్మిదింటికి మూసేవాళ్లు. ఆ గంటలో వార్డర్ల పెళ్లాలం ఉతికిన యూనిఫాంలు తెచ్చి అందులో పెడితే లోపలినుంచి రెండు చేతులు వచ్చి తీసుకునేవి. మర్నాడు అవే చేతులు ఇస్త్రీ చేసిన జతని బయటికి తోసేవి.

ఆ చేతుల్ని నేను తొమ్మిదేళ్లు చూశాను. మణికట్టు మీద కాలిన మచ్చలు, ఎడమ బొటనవేలికి సగం గోరు. మేమందరం ఇస్త్రీ తాత అనేవాళ్లం. గొంతు తెలుసు, మొహం తెలియదు. మొహం చూడాలంటే నేల మీద కూర్చుని వంగాలి. వార్డరు పెళ్లాం జైలు కంత ముందు చతికిలబడితే చూసినవాళ్లు ఏమనుకుంటారు?

"అమ్మా, సారు చొక్కాకి రెండో గుండీ వదులైంది. ఇవాళో రేపో ఊడుతుంది" అనేవాడు.

"అంత కనిపెట్టినవాడివి నువ్వే కుట్టేయకూడదా తాతా?"

"సూది నా చేతికి ఇవ్వరమ్మా. ఇస్త్రీపెట్టె నిండా నిప్పులిస్తారు గానీ సూది ఇవ్వరు. పొడుస్తానని భయం."

ఇద్దరం నవ్వుకునేవాళ్లం. పొలం గట్టు దగ్గర తోడబుట్టినవాణ్ణి గొడ్డలితో నరికి వచ్చాడట. అది జరిగి పద్దెనిమిదేళ్లు. ఇంకో నలభై రోజుల్లో ఇంటికి పోతాననీ, కూతురు వచ్చి తీసుకుపోతుందనీ ఆ వేసవిలో కంతలోంచే అందరికీ చెప్పాడు.

చొక్కా మడత పెట్టడం అతనికి ఒక తీరు. ముందు ఎడమ చెయ్యి లోపలికి, దాని మీద కుడి చెయ్యి, మెడ గుండీ పెట్టి, చొక్కాతో వచ్చిన ఈల తాడుని మూడు చుట్లు చుట్టి జేబులో. ఈ ఈల తాడు మా ఆయన చొక్కాకే. ఆయన్ని లోపల ఈల సారు అనేవాళ్లు. ఇంట్లో కూడా ఈలే. ఒకసారి ఊదితే మంచినీళ్లు, రెండుసార్లు ఊదితే అన్నం. మా అత్త మురిసిపోయేది, కొడుకు కలెక్టరైనట్టు.

మా ఆయనేమీ దేవుడు కాదు. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు గానీ, ఉన్నమాట చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. ఆ వేసవిలో జైలు మోటారు కాలిపోయింది. మూడు రోజులు లోపల నీళ్లు లేవు. మనిషికి రోజుకి రెండు చెంబులు, తాగడానికీ కడుక్కోవడానికీ అవే. రెండో రోజు ఒక కుర్ర ఖైదీ స్టాఫ్ కుండలోంచి ముంచుకు తాగాడని మా ఆయన వాడి నోటి మీద లాఠీతో కొట్టి, కుండ కాలితో తన్నేశాడట. ఇంటికొచ్చి ఆయనే చెప్పాడు, అన్నం తింటూ. "పళ్లు రెండు రాలాయి. ఇంక నమలలేడు, మింగడమే" అని నవ్వాడు. నేను మజ్జిగ పోశాను.

మూడో రోజు పొద్దున ఆయన చొక్కా తొడుక్కుంటుంటే రెండో గుండీ ఊడి చేతిలోకి వచ్చింది. ఇంట్లో ఖాకీదారం అయిపోయింది. నల్లదారంతో కుట్టాను.

"కళ్లు దొబ్బాయా? ఖాకీ మీద నల్లదారమేంటి? సూపరింటెండెంటు చూస్తే?"

"గుండీ లేకపోతే చూస్తాడు గానీ, దారం రంగు చూస్తాడా?"

"నీతో పెట్టుకుంటే డ్యూటీ అయినట్టే" అని ఈల మెడలో వేసుకుని వెళ్లిపోయాడు. మా మధ్య ఆఖరి మాటలవి.

తొమ్మిదిన్నరకి సైరన్ మోగింది. క్వార్టర్ల ఆడవాళ్లమంతా డాబా ఎక్కాం. పొద్దుటి హాజరు తీసేటప్పుడు, పళ్లు రాలినవాడికి జ్వరం వచ్చి లేవలేకపోతే, లేవమని మళ్లీ తన్నారట. అక్కడ రాజుకుంది. లోపల బట్టల గోదాం తగలబడుతోంది. ఇస్త్రీపెట్టె నిప్పులతోనే అంటించారని తర్వాత తెలిసింది. వార్డర్లందరూ ఒకరి వెనక ఒకరు గేటు బయటికి పరిగెత్తుకొచ్చారు. పదిహేడు మంది లోపలికి వెళ్లారు, పదహారు మంది వచ్చారు.

"మీ ఆయన ఎక్కడే?" అంది పెద్ద వదిన. ఆవిడ పెద్ద వార్డరు భార్య, మా పక్క వాటా. పెద్ద వార్డరుని నేను అన్నయ్యా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లెమ్మా అనేవాడు.

లోపలినుంచి అరుపులు వినిపిస్తున్నాయి. "ఈల సారెక్కడ? ఈల సారుని పట్టుకురండిరా, పళ్లు లెక్కపెడదాం!" మా అత్త డాబా మీదే కూలబడిపోయింది.

రెండింటికి మూడు లారీల్లో ఫోర్స్ దిగింది. లోపలి దారులు చూపించడానికి పెద్ద వార్డరు ముందు నిలబడ్డాడు. ఖైదీల చొక్కాలు తెల్లవి, రొమ్ము మీద నల్ల నంబరు. మా వాళ్లవి ఖాకీ. ఫోర్స్ ఆఫీసరు గేటు ముందు మైకు పట్టుకుని చెప్పాడు, డాబా మీదికి స్పష్టంగా వినిపించింది.

"తెల్లచొక్కా కనపడితే కొట్టండి. మొహాలు తర్వాత చూసుకుందాం."

ఆడవాళ్లం ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాం. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను పిట్టగోడ పట్టుకుని వంగి, గొంతు పగిలేలా అరిచాను. "ఒక్కణ్ణీ వదలకండన్నయ్యా! ఎముకలు విరగ్గొట్టండి!"

పెద్ద వార్డరు తల పైకెత్తి, నన్ను చూసి, లాఠీ ఊపాడు.

అయిదింటికి మా ఆయన్ని బయటికి తెచ్చారు. తలకి గుడ్డ చుట్టి ఉంది, మొహంలో చూడ్డానికి ఏమీ మిగల్లేదు. కాలి వేళ్లు చూసి గుర్తుపట్టాను. ఒంటి మీద తెల్లచొక్కా. రొమ్ము మీద 318.

"అది ఇస్త్రీ తాత నంబరు" అన్నారు అందరూ. మర్నాటికి కథ తయారైంది. ఇస్త్రీ తాత మా ఆయన్ని షెడ్డులోకి లాగి కొట్టి చంపాడు, యూనిఫాం తాను వేసుకుని గేటు దాటాలనుకుని తన చొక్కా శవానికి తొడిగాడు, ఫోర్స్ రావడంతో పారేశాడు, యూనిఫాం మంటల్లో కాలిపోయింది. నలభై రోజుల్లో ఇంటికి పోయేవాడు పారిపోవడం దేనికని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ చేతుల్ని తలచుకుని కడుపులోనుంచి తిట్టాను. సగం గోరువాడా, నీ మిగతా గోళ్లు కూడా ఊడ, అని.

కంతకి ఇటుకలు పెట్టి కట్టేశారు. తొమ్మిది రోజుల తర్వాత, ఇస్త్రీ షెడ్డులో కాలకుండా మిగిలిన బట్టలు ఒక ముసలి వార్డరు తోపుడుబండి మీద తెచ్చి, మెడ పట్టీ మీది గుర్తు చూసి ఇంటింటికీ ఇచ్చిపోయాడు. మా ఇంటికి ఒక చొక్కా, ఒక లాగు.

మా ఆయనకి మూడు జతలు. ఒకటి పెట్టెలో ఉంది. ఒకటి దండెం మీద ఆరేసింది ఆరేసినట్టే ఉంది, తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు. మూడోది ఆయన ఒంటి మీద పోయింది. మరి ఇదెక్కడిది?

విప్పకుండా ముందు చూశాను. మెడ గుండీ పెట్టి ఉంది. కింద రెండో గుండీకి నల్లదారం. జేబు ఎత్తుగా ఉంటే వేలు పెట్టాను. ఈల. తాడు మూడు చుట్లు. చొక్కా మీద నెత్తురు మరక లేదు, చిరుగు లేదు, ముడత కూడా లేదు.

"అత్తా, ఇటు చూడు" అన్నాను.

"చూడను. నా కొడుకు పోతే నీకు బట్టల లెక్కలా?"

"చంపినవాడు చొక్కాకి ఇస్త్రీ చేసి, మడత పెట్టి, ఈల చుట్టి పంపిస్తాడా?"

మా అత్త చాలాసేపు చొక్కా వైపు చూసింది. తర్వాత మొహం తిప్పుకుంది. "ఎవడో ఒకడు చావాలే, నా కడుపు చల్లారాలంటే. ఎవడైతే నాకేంటి?"

మా క్వార్టర్లలో ఏ మాటైనా ముందు పెద్ద వార్డరుకి చెప్పాలి. నీళ్ల కుళాయి పాడైనా ఆయనకే, మొగుడు కొట్టినా ఆయనకే. అది రాసిన రూలు కాదు గానీ, రాసిన వాటి కంటే గట్టిది. ఆయన్ని దాటి పైకి వెళ్లినవాళ్లు ఆ క్వార్టర్లలో ఆరు నెలలు ఉన్నది లేదు. అందుకని చొక్కా పట్టుకుని పక్క వాటాకి వెళ్లాను.

ఆయన వంటగదిలో కింద కూర్చుని ఉన్నాడు. గొడవ తర్వాత ముందు గదిలో కూర్చోవడం మానేశాడు. నేను వెళ్లేసరికి పెద్ద వదిన చేతిలోంచి కంచం జారి కింద పడింది. ఆ చప్పుడుకి ఆయన తలుపు చాటుకి దూకి, తల రెండు చేతులతో కప్పుకున్నాడు. పెద్ద వదిన నవ్వబోయి ఆపుకుంది. "రోజూ ఇంతే. మొన్న పిల్లి దూకితే మంచం కిందికి దూరాడు. పులిలాంటి మనిషి, పిల్లికి భయపడుతున్నాడు."

"నోరు ముయ్యి" అని ఆయన బయటికి వచ్చాడు. చొక్కా ఆయన ముందు పెట్టాను. గుండీ చూపించాను. ఈల చూపించాను. ఆయన మొహం పిండి బొమ్మలా అయిపోయింది. పెద్ద వదినని బయటికి పంపేసి తలుపు వేశాడు.

"అన్నయ్యా, మీరు ముందున్నారు. ఆయన్ని కొట్టిందెవరు?"

ఆయన మళ్లీ కింద కూర్చున్నాడు. తర్వాత, నేను అడగనివి కూడా చెప్పాడు.

"ఆ తాత పట్టుబడిన మొదటి రోజే మాకు చెప్పాడు. అందరూ మీ ఆయన కోసం వెతుకుతుంటే షెడ్డులోకి లాగాడట. తన చొక్కా, లాగు తొడిగి, ఇస్త్రీ పనివాళ్ల మధ్య కూర్చోబెట్టాడట. ఖాకీ జత ఎక్కడ దాచాలి? ఇస్త్రీ చేసిన ఖాకీల దొంతరలో. నలిగిన చొక్కా అక్కడ పెడితే ఇట్టే తెలిసిపోతుంది కదా. అందుకని ఇస్త్రీ చేశాడట. గొడవ చేసేవాళ్లు షెడ్డులోకి వచ్చి చూస్తే, ముసలాడు బనీను, తువ్వాలుతో నిలబడి చొక్కా రుద్దుతున్నాడు. 'లోకం తగలబడుతుంటే నీకు ఇస్త్రీ ఏంటి తాతా' అని నవ్వి, పెట్టెలో నిప్పులు గుమ్మరించుకుని పోయారట."

"తర్వాత?"

"తర్వాత మేం వెళ్లాం." ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. "లోపలంతా పొగ. ఇరవై మంది దాకా గోడకి కరుచుకుని ఉన్నారు, అందరివీ తెల్లచొక్కాలే. ఒకడు చేతులెత్తి 'అన్నా, నేను స్టాఫ్‌ని' అని అరిచాడు. అది విని పక్కవాడు 'నేనూ స్టాఫే' అన్నాడు. ఇంకొకడు, ఇంకొకడు. షెడ్డు షెడ్డంతా స్టాఫే. మాకు నవ్వొచ్చింది చెల్లెమ్మా. నవ్వుకుంటూ కొట్టాం."

నేను చొక్కా మీది ఈల చేతిలోకి తీసుకున్నాను.

"మెడలో ఈల ఉన్నా గుర్తుపట్టేవాళ్లం. ఒక్కసారి ఊదినా... ఆ ముసలాడు దాన్ని కూడా చుట్టి జేబులో పెట్టేశాడు." మొదటి దెబ్బ తనదో పక్కవాడిదో తెలియదన్నాడు. ఆ వెంటనే, తనదే అన్నాడు. ఏడ్చాడు. ముక్కు కారేదాకా ఏడ్చాడు. కంచే చేను మేసిందని లోకం అనుకుంటుంది, కానీ కంచె కంచెనే మేసిందని ఎవరికి చెప్పుకోను? ఆయన్ని కొట్టాలనిపించింది. పైనుంచి ఎముకలు విరగ్గొట్టమని అరిచిన నోరు నాదే కదా, ఆ నోటితో ఏమనగలను?

"తాతని వదిలేయండి. ఆయన తప్పేం లేదు" అన్నాను.

"నా చేతిలో ఏముంది? ఎంక్వైరీ అధికారి వస్తున్నాడు. నువ్వే వచ్చి చెప్పు. నేనే తీసుకెళ్తాను. నేను అడ్డం రాను, నా బిడ్డల మీద ఒట్టు."

నమ్మాను. అడ్డం రానన్న మాట అబద్ధం కూడా కాదు.

ఎంక్వైరీ గది జైలు ఆఫీసులో. అధికారి పెద్దవాడు, కళ్లకి ఏదో జబ్బు, మాటిమాటికీ మందు చుక్కలు వేసుకుంటూ తల వెనక్కి వాల్చేవాడు. పక్కన గుమస్తా టైపు మిషను ముందు. పెద్ద వార్డరు తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను మొత్తం చెప్పాను. గుండీ ఊడటం, నల్లదారం, మూడు జతలు, మడత, ఈల. చొక్కా బల్ల మీద పెట్టాను. నేను మాట్లాడుతున్నంతసేపూ మిషను టకటకలాడలేదు. గుమస్తా గోళ్లు చూసుకుంటున్నాడు.

"ఇది నీ భర్త ఆ రోజు వేసుకున్న చొక్కాయే. ఖాయమేనా?" అన్నాడు అధికారి.

"ఖాయమండి. ఆ గుండీ కుట్టింది నేనే."

అప్పుడు మిషను ఆడింది.

"ఈ మడత ఆ ఖైదీదే అంటున్నావు. అతణ్ణి నువ్వు గుర్తుపట్టగలవా?"

"మొహం తెలియదండి. చేతులు తెలుసు."

అధికారి, గుమస్తా మొహాలు చూసుకున్నారు. "సరే, చేతులే చూద్దాం" అన్నాడు.

పెరట్లో ఆరుగురిని వరసగా నిలబెట్టారు. ఆరుగురూ ముసలివాళ్లే, ఆరుగురివీ గుండ్లు గీసి ఉన్నాయి. మాట్లాడితే తోలు తీస్తామని పెద్ద వార్డరు ముందే చెప్పాడు.

"చేతులు చాపండిరా."

చాపారు. గొడవ తర్వాత మూడు రోజులు లోపల అందరి చేతులూ బల్ల మీద పెట్టించి కొట్టారని నాకు అప్పటిదాకా తెలియదు. రాళ్లు విసిరింది ఎవరి చేతులో తేలలేదట, అందుకని అందరివీ. నా ముందు పన్నెండు చేతులు, అన్నీ ఒకే తీరు. ఉబ్బి, నల్లబడి, మురికి గుడ్డలు చుట్టి. సగం గోరు వెతుకుదామంటే అసలు గోళ్లే కనిపించలేదు.

"ఏమ్మా? తొమ్మిదేళ్ల పరిచయం అన్నావు."

మొహాలు చూశాను. అందరూ కింద చూపులే. ఎవరి మొహమూ నాకు తెలియదు. నేను గుర్తుపట్టకపోతే నా మాటంతా కట్టుకథని కొట్టేస్తారనీ, ఆ ముసలాడికి దిక్కు నేనొక్కదాన్నేననీ అనుకున్నాను. అప్పుడు తట్టింది. అంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందో, రాకపోయినా బాగుండేది.

"అయ్యా, ఒక్కొక్కరికీ ఆ చొక్కా ఇచ్చి మడత పెట్టమనండి."

పెద్ద వార్డరు నావైపు చూశాడు, నవ్వీ నవ్వనట్టు. అధికారి సరేనన్నాడు. బల్ల తెచ్చారు. మొదటివాడు వేళ్లు వంగక చొక్కాని ఉండ చేశాడు. రెండోవాడు రెండు చేతులూ వెనక్కి విరిచి మడిచాడు. మూడోవాడికి పట్టుకోవడమే రాలేదు.

నాలుగోవాడు పొట్టిగా ఉన్నాడు, చెవుల మీద తెల్ల వెంట్రుకలు. చొక్కాని బల్ల మీద బోర్లా పరిచి, మణికట్టుతో ముడతలు సాపు చేశాడు. గుడ్డ చుట్టిన పిడికిలితో ఎడమ చెయ్యి లోపలికి నెట్టాడు. దాని మీద కుడి చెయ్యి. మోచేత్తో అదిమి తిరగేశాడు. మెడ గుండీ పెట్టడానికి వేళ్లు రాలేదు. వంగి, గుండీని పళ్లతో పట్టుకుని, కాజాలోంచి లాగాడు. లేచేటప్పుడు ఆయన కళ్లు రెండో గుండీ మీద ఆగాయి. మాట్లాడకూడదన్న సంగతి మర్చిపోయాడు.

"నల్లదారం వేశారేంటమ్మా? ఖాకీదారం దొరకలేదా?"

అదే గొంతు.

"ఈయనేనండి!" అని అరిచాను. దగ్గరికి వెళ్లి, వేలు పెట్టి చూపించాను. "ఈయనే, ఈయనే ఇస్త్రీ తాత!"

తాత తలెత్తి నా మొహం చూశాడు. తొమ్మిదేళ్లలో మొదటిసారి. నవ్వాడు. నేను ఆయన్ని ఇంటికి పంపడానికి వచ్చాననుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను.

"ఖాయమేనా?"

"ఖాయమండి. ప్రాణం పెట్టి చెప్తాను."

లోపల గుమస్తా మిషను ఆగకుండా ఆడింది. కాగితం నా ముందు పెట్టి, సిరా పెట్టె తోశాడు.

"చదివి వినిపించరా బాబూ?"

"మీరు చెప్పిందే కదమ్మా రాసింది. మీ మాటలు మీకే వినిపించాలా?"

వేలిముద్ర వేశాను. చొక్కా కవర్లో పెట్టి లక్క సీలు వేశారు. బయటికి వస్తుంటే పెద్ద వార్డరు అన్నాడు, "మంచి పని చేశావు చెల్లెమ్మా."

పది రోజుల్లో నాకు ఉద్యోగం వచ్చింది. జైలు బయటి గేటు దగ్గర, ఖైదీలని చూడ్డానికి వచ్చే ఆడవాళ్లని తెర చాటున తడిమి, వెతికి పంపడం. నిజం చెప్పినందుకు క్వార్టరు ఖాళీ చేయిస్తారని భయపడినదాన్ని, ఉద్యోగమే ఇచ్చారంటే లోకంలో ధర్మం ఉందనుకున్నాను. తాత సంగతి అడిగితే పెద్ద వార్డరు "ఎప్పుడో వెళ్లిపోయాడు" అన్నాడు. కోర్టు నన్ను పిలవలేదు. అసలు కోర్టు నడుస్తోందనే నాకు తెలియదు.

ఏడాది తర్వాత ఒకావిడ చీటీ పట్టుకుని తెర చాటుకి వచ్చింది. నా ఈడుదే. చేతులు చాపమంటే చాపింది.

"ఎవరిని చూడ్డానికమ్మా?"

"మూడువందల పద్దెనిమిది. మా నాన్న. ఏడాది ములాఖత్ లేకుండా చేశారు, ఇవాళే మొదలు."

నా చేతులు ఆవిడ నడుం దగ్గర ఆగిపోయాయి. "ఇస్త్రీ... ఇస్త్రీ చేసే ఆయనా? ఇంకా లోపలే ఉన్నాడా?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. బొట్టు లేని నుదురు చూసింది. "నువ్వేనా? నలభై రోజుల్లో ఇంటికి రావలసినవాణ్ణి వేలు పెట్టి చూపించింది నువ్వేనా?"

"నేను విడిపించడానికి చూపించాను!"

"బాగా విడిపించావు. చచ్చేదాకా అన్నారు. నీ ముద్ర, నీ చొక్కా, రెండూ చాలాయన్నారు." సంచిలోంచి కోర్టు ఇచ్చిన నకలు కాగితం తీసి నా మీదికి విసిరింది. "చదువుకో, తీరిగ్గా. ఉద్యోగం చేసుకుంటూ చదువుకో."

చదవడం నాకు రాదు. మా అత్తకి రాదు. క్వార్టర్లలో చదవగలిగినవాళ్లెవరూ నాకు నిజం చదివి పెట్టరు. పెద్ద వార్డరు దగ్గరికే వెళ్లాను, ఇంకెక్కడికి పోతాను? కాగితం చూడకుండానే అన్నాడు, "నువ్వు చూపించావు, వాళ్లు రాశారు. నేను అడ్డం రానన్నాను, వచ్చానా?" అప్పటికి ఆయన చేతులు వణికేవి, గ్లాసు కూడా పెళ్లామే పట్టాలి. చూసి జాలి పడాలనుకున్నాను. పడలేకపోయాను.

గేటు దగ్గరికి వచ్చేవాళ్ల చీటీల మీద ఖైదీ నంబరు, వచ్చినవాళ్ల వరస రాసి ఉంటుంది. ఒక్కొక్కరినీ తడుముతూ "ఇక్కడ ఏం రాశారమ్మా?" అని అడిగేదాన్ని. నేను మొదట నేర్చుకున్న మాట తల్లి. తర్వాత భార్య. తర్వాత కూతురు, చెల్లెలు. నడివయసు దాటినదానికి అక్షరం రాయి మీద నీళ్లలాంటిది, ఎంత పోసినా జారిపోయేది. ఏడాదిన్నర పట్టింది. "ముసలికాలంలో ముగ్గులా? కలెక్టరువవుతావా?" అనేది మా అత్త. ఒకరోజు ఇంట్లో నేల మీద కూర్చుని ఆ కాగితం విప్పాను. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను.

"నా భర్తను కొట్టి చంపిన వ్యక్తి ఇతడేనని వరుసలో నిలిచిన ఆరుగురిలో నుండి గుర్తించి, నా అంతట నేనే వేలు పెట్టి చూపితిని. నా భర్త ఒంటి నుండి ఇతడు ఊడదీసిన చొక్కాను నేనే తెచ్చి అప్పగించితిని. చొక్కా గుండీ దారము గూర్చి ముద్దాయి తానుగా పలికెను. ఇది నాకు చదివి వినిపించగా సరియని ఒప్పుకొంటిని."

కింద నా వేలిముద్ర. నీట్‌గా పడింది, గీత గీత కనిపిస్తోంది.

మా అత్త మంచం మీదనుంచి అడిగింది, "ఏం రాశారే?"

చదివి వినిపించాను. ఆవిడ విని, గోడ వైపు తిరిగి పడుకుంది. "నా కొడుకు చావుకి ఒకడు లోపలున్నాడు. అది చాలు నాకు" అంది.

నా చేత్తో నేను రాసిన మొదటి కాగితం కోర్టుకి రాసిన అర్జీ. నాలుగు నెలలకి జవాబు వచ్చింది, రెండు వాక్యాలు. ఇంతకాలం తర్వాత మాట మార్చిన సాక్షిని నమ్మడం కుదరదు. అర్జీ కొట్టివేయడమైనది. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారనుకున్నాను. తియ్యలేదు. భయపడేంత విలువ కూడా నా మాటకి లేదని అప్పుడు తెలిసింది.

తాత కూతురు నెలకోసారి వస్తుంది. నాతో మాట్లాడదు. మొన్నటి నెలలో బతిమాలుకున్నాను. "ఒక్కసారి మీ నాన్నని చూడనివ్వమ్మా. జరిగింది చెప్పుకుంటాను. కాళ్లు పట్టుకుంటాను. నన్ను రమ్మంటాడేమో అడుగు."

ఈ నెల వచ్చింది. తెర చాటున నిలబడి, నేను అడగకముందే చెప్పింది.

"అడిగాను. నువ్వు రాసిన అర్జీ సంగతీ, ఆ కాగితం సంగతీ అన్నీ చెప్పాను. నాన్న విన్నాడు. ఆవిడ మొహం ఒక్కసారే చూశానమ్మా, అది చాలన్నాడు."

"ఇంకేమీ అనలేదా?"

"లేదు. వేళ్లు అలాగే అతుక్కున్నాయి, వంకరగా. అన్నం నేనే కలిపి పెట్టాలి. త్వరగా కానివ్వు, నాకిచ్చేది పదిహేను నిమిషాలు."

బయట వరసలో ఇంకా పదకొండు మంది ఉన్నారు. ఎవరో విసుక్కుంటున్నారు. చీటీ తీసుకుని చదివాను. కూతురు, అని ఉంది.

"చేతులు చాపమ్మా" అన్నాను.